పంటపై పన్ను లేదు. లెక్క మాత్రము కలదు

"పంటపై ఆదాయపు పన్ను లేదు" అను మాట మన జంగారెడ్డిగూడెము ప్రాంతమున ఎల్లరకును తెలిసినదే. అది సత్యమే గాని, సగము సత్యము. పంట తప్ప వేఱొక రాబడి లేని రైతునకు ఆ మాట పూర్తిగ వర్తించును. పంటతోపాటు ఎరువుల దుకాణమో, చేపల చెరువులో వాటాయో, ఇంటి అద్దెయో, డిపాజిట్టుపై వడ్డీయో, ఉద్యోగపు జీతమో కల రైతు సంగతి వేఱు. అతని పంట ఆదాయము తాను పన్ను చెల్లింపకయే తక్కిన ఆదాయముపై పడు పన్నును పెంచగలదు. కావున ప్రతి సభ్యుడును తనకు ఇకమీద వచ్చు ఒక్క రూపాయిలో ఎంత పన్నునకు పోవునో తానే లెక్క కట్టుకొన నేర్వవలయునని మా అభిప్రాయము. దీనినే అర్థశాస్త్రజ్ఞులు ఉపాంతపు రేటు అందురు. మనము చివరి రూపాయి రేటు అని పిలుచుకొందము.

ఈ విషయము మన సభ్యులకు సంబంధింపనిదని తలంపరాదు. నేటి మెట్ట రైతు కేవలము మెట్ట రైతు గాడు. పొగాకు, పామాయిలు, కోకో, మొక్కజొన్న పండించు కుటుంబములోనే ఒకరికి తాడేపల్లిగూడెములో వర్తకము, మఱొకరికి ఏలూరులో కొలువు, ఇంకొకరికి కొల్లేటి చెంత చెరువు ఉండుట సామాన్యమైనది. ఇట్టి రైతునకే ఈ లెక్క ముఖ్యము.

ఈ నియమ మెట్లు వచ్చినది?

మన దేశమున 1886 నాటి ఆదాయపు పన్ను శాసనము వ్యవసాయాదాయమును పన్నునుండి తప్పించినది. 1935 నాటి భారత ప్రభుత్వ శాసనము ఆ ఆదాయముపై పన్ను వేయు అధికారమును రాష్ట్రములకు విడిచినది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగమును ఆ విభజననే నిలిపినది. కాబట్టి కేంద్ర ప్రభుత్వము పంట ఆదాయముపై నేరుగ పన్ను వేయజాలదు. 1972లో ఆచార్య కె. ఎన్. రాజ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఈ ప్రశ్నను విచారించి, పంట ఆదాయముపై పన్ను వేయకున్నను, ఇతరాదాయముపై రేటును నిర్ణయించునప్పుడు దానిని కూడ గణింపవచ్చునని సూచించినది. 1973 నాటి ఆర్థిక శాసనముతో ఆ పద్ధతి అమలునకు వచ్చినది. నాటినుండి నేటివఱకు నిలిచియున్నది. 1961 నాటి ఆదాయపు పన్ను శాసనమునకు బదులుగ 2025లో చేయబడిన నూతన శాసనమునకు 2026 ఏప్రిల్ 1 అమలు దినముగ నిర్ణయింపబడినది. అందును పంట ఆదాయమునకు మినహాయింపు కలదు.

ఈ పద్ధతి అన్యాయమని మేము చెప్పము. ఏడు లక్షల అద్దె మాత్రమే కలవానికిని, ఏడు లక్షల అద్దెతోపాటు ఇరువది లక్షల పంట కలవానికిని శక్తి యొక్కటి కాదు గదా. మా ఆక్షేపణ వేఱు. "పన్నెండు లక్షలవఱకు పన్ను లేదు" అను మాట ఊరూర మ్రోగినది. పంట ఆదాయము గలవానికి ఆ హద్దు ముందే వచ్చునను మాట మాత్రము రైతు చెవిని పడలేదు.

పంట ఆదాయ మనగా నేమి?

ముందుగ ఏది పంట ఆదాయమో, ఏది కాదో వేఱుపఱచుకొనవలయును. భూమిని దున్ని, విత్తి, పండించినదానివలన వచ్చునది పంట ఆదాయము. ఆ సరకును అంగడికి తగినట్లు చేయుటకు రైతు సామాన్యముగ చేయు పనియు ఇందులోనిదే. తన చేని పొగాకును తన బ్యారనులో క్యూరింగు చేసి వేలములో అమ్మినను, కోకో గింజలను పులియబెట్టి ఎండబెట్టి అమ్మినను, పామాయిలు గెలలను మిల్లునకు తోలినను అది పంట ఆదాయమే. సాగుకొరకు ఇచ్చిన భూమిపై వచ్చు కౌలును అట్టిదే. నర్సరీలో పెంచిన మొక్కల అమ్మకమును శాసనము పంట ఆదాయముగనే ఎంచును.

ఇతరుల పచ్చి ఆకును కొని, క్యూరింగు చేసి అమ్మిన లాభము పంట ఆదాయము గాదు, అది వ్యాపారము. ట్రాక్టరు అద్దె, పాడి, కోళ్ళ పెంపకము పంట ఆదాయములు గావు. చేపల చెరువు, రొయ్యల చెరువు కూడ గావు. భూమి పట్టాలో వ్యవసాయ భూమియని వ్రాసియున్నను, దానిని చెరువు త్రవ్వి చేపలు పెంచుటకు కౌలునకిచ్చినచో ఆ కౌలు పంట ఆదాయము కాజాలదు. కాగితముపై నున్న పేరు గాక, భూమిని దేనికి వాడుచున్నామన్నదే ఇచట ప్రమాణము. కొల్లేటి వైపున భూములు గల మన సభ్యులు దీనిని విశేషముగ గమనింపవలయును.

లెక్కలోనికి వచ్చునది పంట అమ్మిన మొత్తము గాదు; ఖర్చులు పోగా మిగిలిన నికరాదాయము. విత్తనములు, ఎరువులు, కూలి, బ్యారనుకు కట్టెలు, పంట ఋణముపై వడ్డీ మొదలగునవి తీసివేయవచ్చును. ఒక యేడు పంట నష్టము వచ్చినచో, ఆ నష్టమును తరువాతి 8 సంవత్సరముల పంట ఆదాయమునుండి తగ్గించుకొనవచ్చును. ఇతరాదాయమునుండి మాత్రము తగ్గించుట కుదురదు. ఇందులకెల్ల చిట్టా, రసీదులు ఉండవలయును.

మడి తరువాత మడి

2025–26 సంవత్సరపు ఆదాయమునకు నూతన పద్ధతిలో రేట్లు ఇట్లున్నవి. మొదటి రు. 4 లక్షలపై పన్ను లేదు. 4 మొదలు 8 లక్షలవఱకు నూటికి 5. 8 మొదలు 12 వఱకు నూటికి 10. 12 మొదలు 16 వఱకు నూటికి 15. 16 మొదలు 20 వఱకు నూటికి 20. 20 మొదలు 24 వఱకు నూటికి 25. అంతకుమించినదానిపై నూటికి 30. ఇట్లు వచ్చిన పన్నుపై నూటికి 4 సెస్సు. పన్ను విధింపదగిన ఆదాయము రు. 12 లక్షలు మించనివానికి పన్నులో రు. 60,000 వఱకు రాయితీ కలదు.

ఒక మెట్టు దాటినంతమాత్రమున ఆదాయమంతటికిని పై రేటు పడునని కొందఱు భయపడుదురు. అట్లు కాదు. ఏటవాలు చేలో పై మడి నిండిన పిదపనే నీరు క్రింది మడికి దిగును. మొదటి మడిలోని నీరు అందులోనే యుండును. ఆదాయమును అట్లే ఒక్కొక్క మడిని నింపుచు పోవును. ఏ మడిలోని రూపాయికి ఆ మడి రేటే పడును. చివరి రూపాయి ఏ మడిలో పడినదో ఆ మడి రేటే మన ఉపాంతపు రేటు.

పంట ఆదాయము చేయు పని యేమనగా, పన్ను లేని నాలుగు లక్షల మడి తరువాతి మడులను తాను ముందుగ ఆక్రమించుకొనును. తాను పన్ను కట్టదు. కాని నాలుగు లక్షలకు మించిన ఇతరాదాయమును ముందు మడులకు నెట్టును. అచట రేటు హెచ్చు. ఇతరాదాయము నాలుగు లక్షలు మించనిచో ఈ చిక్కే లేదు. పంట నికరాదాయము రు. 5,000 మించనిచో కూడ లేదు.

రెండు ఉదాహరణములు

ఒక సభ్యునికి ఎరువుల దుకాణముపై నికర లాభము రు. 8 లక్షలు, డిపాజిట్లపై వడ్డీ రు. 1 లక్ష, పామాయిలు, కోకోలపై నికరాదాయము రు. 6 లక్షలు అనుకొందము.

మొదట రెంటిని కలుపవలయును: 9 + 6 = 15 లక్షలు. దీనిపై పన్ను రు. 1,05,000.
పిదప పన్ను లేని 4 లక్షలకు పంట ఆదాయము కలుపవలయును: 4 + 6 = 10 లక్షలు. దీనిపై పన్ను రు. 40,000.
మొదటి దానినుండి రెండవదానిని తీసివేయగా రు. 65,000.
రాయితీ రు. 60,000 పోగా మిగిలినది రు. 5,000, సెస్సుతో రు. 5,200.

పంటయే లేకున్నచో 9 లక్షలపై పన్ను రు. 30,000 అయి, రాయితీలో పూర్తిగ కలిసిపోయెడిది. ఈ సభ్యుడు "నా ఆదాయము పన్నెండు లక్షల లోపే గదా" యని ఊరకుండిన, బాకీపడును. అంతకంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. ఇతనికి ఇకమీద దుకాణముపైనో వడ్డీపైనో వచ్చు ప్రతి నూఱు రూపాయలలో 15, సెస్సుతో 15 రూపాయల 60 పైసలు, పన్నునకు పోవును. పంట ఆదాయము ఒక లక్ష పెరిగినను పన్ను రు. 5,000 పెరుగును, ఏలయనగా కలిపిన మొత్తముపై నూటికి 15 పెరిగి, తీసివేయు మొత్తముపై నూటికి 10 మాత్రమే పెరుగును. పన్ను లేని పంటపై నూటికి 5 పరోక్షముగ పడినట్లే గదా!

ఇక రెండవ సభ్యుడు. పొగాకుపై నికరాదాయము రు. 20 లక్షలు, అద్దెలపై, చెరువు వాటాపై పన్ను విధింపదగిన ఆదాయము రు. 7 లక్షలు. 27 లక్షలపై పన్ను రు. 3,90,000. 24 లక్షలపై రు. 3,00,000. భేదము రు. 90,000. రాయితీ పోగా రు. 30,000, సెస్సుతో రు. 31,200. ఇతనికి పన్ను లేని హద్దు పన్నెండు లక్షలు గాదు, ఆరు లక్షలే. ఇతని ఇతరాదాయములో చివరి రూపాయి రేటు నూటికి 31 రూపాయల 20 పైసలు. విచిత్రమేమనగా, ఇతనికి పంట ఇంకొక లక్ష హెచ్చినను పన్ను మాఱదు. రెండు లెక్కలును ఒకే చివరి మడిలో నుండుటయే కారణము.

పంట లేని జీతగానికి మఱొక చిక్కు కలదు. పన్ను విధింపదగిన ఆదాయము రు. 12,10,000 అయినచో లెక్క ప్రకారము పన్ను రు. 61,500 కావలసినది, కాని పన్నెండు లక్షలపై మించిన రు. 10,000 కంటె పన్ను హెచ్చరాదని ఉపశమనము కలదు. అందుచే అతడు ఆ పదివేలును, దానిపై సెస్సును కట్టును. అనగా ఇంచుమించు రు. 12,70,000 వఱకు పెరిగిన ప్రతి రూపాయియు పన్నునకే పోవును. ఇంటిలో కొలువు చేయు కుమారు డున్నచో, ఈ ఇఱుకు సందును అతనికి తెలియజేయుడు.

రేటు కనుగొనుటకు సులభమైన మార్గ మొకటి కలదు. పైవిధముగ పన్నును ఒకమారు లెక్కింపుడు. ఇతరాదాయమునకు వేయి రూపాయలు అధికముగ చేర్చి మఱల లెక్కింపుడు. రెండు లెక్కల భేదమును పదింట భాగింపుడు. వచ్చినదే నూటికి మీ చివరి రూపాయి రేటు. పంటకు వేయి చేర్చి చూచినచో పంట రేటును తెలియును.

ఈ లెక్కవలన ప్రయోజన మేమి?

రేటు తెలిసినవానికి నిర్ణయములు స్పష్టమగును. మొదటి సభ్యుని చేతిలో ఒక లక్ష మిగులు సొమ్ము ఉన్నదనుకొందము. దానిని నూటికి 7 వడ్డీకి డిపాజిట్టు చేసినచో రు. 7,000 వచ్చును, అందులో రు. 1,092 పన్నునకు పోయి రు. 5,908 మిగులును. సకాలమున తీర్చువారికి 3 లక్షలవఱకు పంట ఋణముపై వడ్డీ తగ్గింపు పోగా నూటికి 4 పడుచున్నచో, ఆ ఋణమును గడువునకు ముందే తీర్చుటకంటె డిపాజిట్టే మేలు. కాని సేద్యమునకై నూటికి రెండు రూపాయల నెల వడ్డీకి తెచ్చిన చేబదులు ఉన్నచో, దానిని తీర్చుటవలన ఏటికి రు. 24,000 వడ్డీ తప్పును. ఆ మేరకు పంట నికరాదాయము పెరిగి పన్ను రు. 1,248 హెచ్చినను, రు. 22,752 మిగులును. పన్ను భయముచే అప్పును ఉంచుకొనుట ఎంత తెలివితక్కువయో దీనివలన తేటపడుచున్నది.

ఇట్లే సరకు అమ్మకపు కాలము. లెక్కల సంవత్సరము మార్చి 31తో ముగియును. ఆ తేదీకి అటునిటు సరకు అమ్ముకొను రైతు, పన్ను కొఱకు అమ్మకమును ఏప్రిలునకు జరుపుదునా యని ఆలోచింపవచ్చును. మొదటి సభ్యునికి లక్ష రూపాయల పంట ఆదాయమును వచ్చే యేటికి జరుపుటవలన ఈ యేడు తగ్గునది రు. 5,200 మాత్రమే, అదియు మఱుసటి యేడు తిరిగి మీద పడవచ్చును. ధర నూటికి ఆరు రూపాయలు పడిపోయినచో ఆ లాభము హరించును. మంచి ధర వచ్చిన దినమున అమ్ముటయే రైతునకు ధర్మము. పన్ను లెక్క ధరను చూచుటకు సాయపడవలయును గాని, ధరను మఱపింపరాదు.

పాత పద్ధతిని ఎన్నుకొను హక్కును ఉన్నది. అందులో సామాన్యునికి పన్ను లేని మొత్తము రు. 2,50,000 మాత్రమే, 5 లక్షలు మించిన నూటికి 20, 10 లక్షలు మించిన నూటికి 30. బీమా, గృహఋణపు వడ్డీ మున్నగు తగ్గింపులు మిక్కుటముగ ఉన్నవారికే అది లాభింపవచ్చును. రెండు పద్ధతులను లెక్కించి చూచుకొనవలయును. దుకాణము, చెరువువంటి వ్యాపారాదాయము కలవారు మాటిమాటికి పద్ధతి మార్చుకొన వీలులేదని జ్ఞప్తియందుంచుకొనవలయును.

సంవత్సరపు పన్ను రు. 10,000 గాని అంతకుమించి గాని ఉండునట్లు తోచినచో, జూను, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీలకు వాయిదాలుగ ముందే కట్టవలయును. లేనిచో వడ్డీ పడును. రెండవ సభ్యుడు ఇట్టివాడే. వ్యాపారాదాయము లేని 60 ఏండ్లు దాటిన పెద్దలకు ఈ నిర్బంధము లేదు.

రెండు మాటలు హెచ్చరికగ

"పంట ఆదాయమును చూపకున్న ఎవరికి తెలియును?" అని అడుగువారు కలరు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు వేలములలో అమ్మిన ప్రతి బేలునకును లెక్క కలదు. సొమ్ము బ్యాంకులో పడును. పంట ఆదాయము రు. 5,000 మించినవారు సులభమైన ఒకటవ నమూనా పత్రమును వాడరాదు. రు. 5 లక్షలు మించినచో భూమి యున్న జిల్లా, విస్తీర్ణము, అది స్వంతమో కౌలో, నీటి వసతి కలదో లేదో తెలుపవలయును.

దీనికి విరుద్ధముగ, దుకాణపు లాభమునో చెరువు లాభమునో పంట ఆదాయముగ చూపు తప్పుదారియు కలదు. ఇది శాసనవిరుద్ధము మాత్రమే గాదు; నిజమైన రైతునకు ద్రోహము. పండింపని పంటను కాగితముపై పండించువాడు హెచ్చినకొలది, చెమటోడ్చి పండించినవాడు తన పంటకు సాక్ష్యము చూపవలసిన దుస్థితి కలుగును. అట్లే, ఆస్తిని భార్య పేర ఊరక వ్రాసినంతమాత్రమున దానిపై రాబడి భర్త లెక్కనుండి తొలగిపోదు. పూర్వికుల భూమి నిజముగ ఉమ్మడి కుటుంబమున కున్నచో ఆ పంట కుటుంబపు లెక్కలో చేరును గాని, ఒక్కని జీతముతో కలియదు. కాని ఆ ఉమ్మడి కాగితములకే పరిమితము కారాదు.

సంఘములు చేయవలసినది

ఈ భారమునంతయు రైతుపైననే మోపుట తగదని మా తలంపు. అతని పంట ఋణముపై వడ్డీ ఎంత, అతడు కొన్న ఎరువుల వెల ఎంత, అతని డిపాజిట్టుపై వడ్డీ ఎంత, వాటాపై లాభాంశ మెంత యనునవి సంఘపు ఆవర్జాలలోనే యున్నవి. ప్రతి సహకార పరపతి సంఘమును ఏటేట జనవరి నెలలో ఈ అంశములను ఒక్క కాగితముపై తెలుగున వ్రాసి ప్రతి సభ్యునికి ఇయ్యవలయును. మార్చి 31 పిదప మఱల సరిచూచి ఇయ్యవలయును. జనవరిలో ఇచ్చినచో మార్చి 15 వాయిదాకు ముందు రెండు నెలల వ్యవధి చిక్కును. సంఘము వడ్డీలోనుండి పన్ను పట్టుకొననంతమాత్రమున ఆ వడ్డీపై పన్ను లేదని భ్రమపడరాదని ఆ కాగితముపైననే అచ్చువేయింపవలయును. ఏడాది కొక దినము సభ్యులను సమావేశపఱచి, లెక్క తెలిసిన వారిచే పై రెండు ఉదాహరణములవంటి వానిని వివరింపజేయవలయును. ఇందులకు పెద్ద ఖర్చు లేదు, సంకల్పము చాలును.

సభ్యులారా! చేలో ఎకరమునకు ఎన్ని బస్తాల ఎరువు వేయవలయునో, ఇంకొక బస్తా వేసిన దిగుబడి ఎంత హెచ్చునో మనము ప్రతి యేటను బేరీజు వేయుచునే యున్నాము. చివరి బస్తా లెక్క ఎఱిగిన రైతునకు చివరి రూపాయి లెక్క కష్టము గాదు. ఈ సంచికను చదివిన దినముననే ఒక కాగితముపై పంట ఆదాయమును ఒక వైపునను, తక్కిన ఆదాయమును రెండవ వైపునను వ్రాసి చూచుకొనుడు. తక్కినది నాలుగు లక్షలు మించినచో మీకు లెక్క కలదు. చెల్లింపవలసినది సకాలమున చెల్లించి, అక్కఱలేనిదానిని చెల్లింపక, నిశ్చింతగ ఉండుడని మా విన్నపము.